కోయాక్సియల్ కేబుల్‌తో 2 మీటర్ల ఏంటెనా: 0.66 ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెబుతాను. 2 మీటర్ల బ్యాండు (సుమారు 2 మీటర్ల తరంగదైర్ఘ్యం) లోని 145 మెగాహెర్ట్జ్ కోసం ఆర్‌జీ-58 అనే కోయాక్సియల్ కేబుల్‌తో నిలువు ఏంటెనా చేశారు. 300ను 145తో భాగించి, నాలుగో వంతు తీసుకుని, దానిని కేబుల్ వెలాసిటీ ఫ్యాక్టర్ (కాంతి వేగంతో పోలిస్తే కేబుల్ లోపల తరంగం వేగం) అయిన 0.66తో గుణించగా 34 సెంటీమీటర్లు వచ్చింది. పైన అంత మేర జాలిని, అంటే మధ్య తీగ చుట్టూ ఉన్న లోహపు అల్లికను, ఒలిచి లోపలి తీగను మాత్రం మిగిల్చారు, కింద అంతే పొడవు గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి కేబుల్‌ను నేరుగా రేడియో దాకా దింపారు. ఏంటెనా నుంచి వెనక్కి వచ్చే శక్తిని సూచించే ఎస్‌డబ్ల్యూఆర్ (1 అయితే ఏమీ వెనక్కి రానట్లు) 3 కన్నా తగ్గడం లేదు, పైగా కేబుల్‌ను చేత్తో పట్టుకుంటే మీటరు ముల్లు అటూ ఇటూ ఊగుతోంది. లోపం కేబుల్‌లో ఉందా, మీటరులో ఉందా అన్నది మీ సందేహం.

రెండింటిలోనూ లేదు. 0.66 అనే అంకెను వాడకూడని చోట వాడారు, కేబుల్ బయటి ముఖం మీది విద్యుత్తును ఆపే చోక్ ఉండవలసిన చోట లేదు. ఈ రెండూ వేర్వేరు లోపాల్లా కనిపించినా వాటి మూలం ఒకటే: కేబుల్‌లోని జాలిని మీరు ఒకే తీగగా లెక్కించారు. రేడియో ఫ్రీక్వెన్సీలో అది రెండు తీగలు.

అధిక ఫ్రీక్వెన్సీ విద్యుత్తు లోహం లోతుల్లోకి దిగదు, ఉపరితలం మీదే ప్రవహిస్తుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం సుమారు 5.5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో సుమారు నూట ఎనభయ్యో వంతు. జాలిలోని తీగలు దీనికి ఎన్నో రెట్లు మందంగా ఉంటాయి కనుక జాలి లోపలి ముఖం మీద నడిచే విద్యుత్తుకూ బయటి ముఖం మీద నడిచే విద్యుత్తుకూ మధ్య సంబంధం ఉండదు. గోడకు గదిలో వేసిన రంగు వీధిలోకి కనిపించనట్లే. అందువల్ల కోయాక్సియల్ కేబుల్‌ను మధ్య తీగ, జాలి లోపలి ముఖం, జాలి బయటి ముఖం అనే మూడు వాహకాల కట్టగా చూడాలి. మొదటి రెండూ కలిసి శక్తిని మోసుకెళ్లే మార్గం అవుతాయి. మూడవది కేవలం బయటి గాలిలో ఉన్న ఒక లావుపాటి తీగ. జాలి తెగిన చోట మాత్రమే లోపలి ముఖం మీది విద్యుత్తు అంచు దాటి బయటి ముఖం మీదికి మళ్లుతుంది.

ఇప్పుడు వెలాసిటీ ఫ్యాక్టర్ సంగతి చూద్దాం. మధ్య తీగకూ జాలికీ నడుమ ఉన్న పాలిథీన్ గుండా తరంగం కాంతి వేగంలో 66 శాతం వేగంతోనే పోతుంది కనుక 0.66 వచ్చింది. అంటే ఆ అంకె ఆ రెండింటి మధ్య ప్రయాణించే తరంగానిదే. జాలి బయటి ముఖం మీది విద్యుత్తుకు చుట్టూ ఉన్నది గాలి, కాస్త మందపు ప్లాస్టిక్ తొడుగు. జాలి ఒలిచేసిన పై భాగంలో కూడా అంతే. అక్కడ పాలిథీన్ మిగిలి ఉన్నా, దానికి అవతల జాలి లేదు కాబట్టి విద్యుత్ క్షేత్రంలో అధిక భాగం గాలిలోనే విస్తరిస్తుంది. ఆ పాలిథీన్ పొర తరంగాన్ని ఆరేడు శాతం నెమ్మదింపజేస్తుందే తప్ప 34 శాతం కాదు.

లెక్క ఇలా ఉంటుంది. 145 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు, పావు వంతు 51.7 సెంటీమీటర్లు. వట్టి తీగతో డైపోల్ (మధ్యలో శక్తి అందుకునే రెండు సగాల ఏంటెనా) చేస్తే చివరల ప్రభావం వల్ల ఒక్కో వైపు 49 సెంటీమీటర్లకు కొంచెం పైన వస్తుంది. పాలిథీన్ తొడుగు ఉన్న మధ్య తీగకు అది 46 దరిదాపులకు తగ్గుతుంది. జాలి బయటి ముఖం లావుగా ఉండి, దాని మీద తొడుగు కూడా ఉన్నందున కింది సగం 45 సెంటీమీటర్ల దగ్గర సరిపోతుంది. మీరు కోసిన 34 సెంటీమీటర్ల ముక్కలు 195 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో అనునాదం చెందుతాయి. 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ దిగకపోవడంలో ఆశ్చర్యం లేదు. నిజానికి 3 దగ్గర ఆగిపోవడమే కొంత ఆశ్చర్యం. దానికి కారణం కింద వస్తుంది.

ఇక చెయ్యి తగిలితే ముల్లు ఊగడం. కింది సగం మీరు గుర్తు పెట్టిన 34 సెంటీమీటర్ల దగ్గర ముగిసిందని అనుకుంటున్నారు గానీ విద్యుత్తుకు ఆ సంగతి తెలియదు. జాలి బయటి ముఖం అక్కడితో ఆగకుండా డాబా మీది నుంచి మీ బల్ల దాకా వస్తోంది కనుక మొత్తం కేబుల్ ఏంటెనాలో భాగమైపోయింది, మీ చెయ్యి, రేడియో పెట్టె, పవర్ సప్లై అన్నీ దానికి తోకలయ్యాయి. కింది సగం ముగియవలసిన చోట ‘ఇక ముందుకు దారి లేదు’ అని ఆ విద్యుత్తును నిలిపే వస్తువు కావాలి. అదే చోక్.

అర తరంగ ఏంటెనా చివరల్లో విద్యుత్తు దాదాపు శూన్యం, వోల్టేజీ గరిష్ఠం. అంటే ఇంపిడెన్స్ (విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు) వేల ఓమ్‌లలో ఉంటుంది. అలాంటి చోట నిలిపే చోక్‌కు కూడా అనేక వేల ఓమ్‌ల అడ్డు ఉండాలి. టీవీ కేబుళ్లకూ కంప్యూటర్ కేబుళ్లకూ తగిలించే ఫెర్రైట్ పూసలు కొన్ని వందల ఓమ్‌లకు మించి ఇవ్వవు, పైగా ఆ చోటున వేడెక్కుతాయి. అందుకే ఇక్కడ కేబుల్‌నే చుట్టగా చుట్టి, ఆ చుట్ట తన సొంత కెపాసిటెన్స్‌తో కలిసి సరిగ్గా 145 దగ్గర అనునాదం చెందేలా చూసుకోవాలి. ఆస్ట్రేలియా హామ్‌ల (ఔత్సాహిక రేడియో వారి) ద్వారా ‘ఫ్లవర్‌పాట్’ పేరుతో ప్రచారంలోకి వచ్చిన ఏంటెనాలో ఉన్న కిటుకు ఇదే. 25 మిల్లీమీటర్ల బయటి వ్యాసం ఉన్న పీవీసీ పైపు మీద ఆర్‌జీ-58ను పక్కపక్కనే ఒత్తుగా 9 చుట్లు చుడితే 2 మీటర్ల బ్యాండుకు సరిపోతుంది. చుట్లు ఎక్కువైతే మరింత మేలు అనుకోవద్దు. 15 చుట్లు చుడితే దాని స్వీయ అనునాదం 145 కన్నా బాగా కిందికి జారిపోతుంది, ఆ పైన చుట్ట ఒక కెపాసిటర్‌లా ప్రవర్తించి, ఆపవలసిన విద్యుత్తును దాటిస్తుంది. చాలామంది ‘ఎందుకైనా మంచిది’ అని మరో నాలుగు చుట్లు వేసి చెడగొట్టుకునేది ఇక్కడే.

తయారీకి కావలసినవి తక్కువే. ఎలక్ట్రికల్ వైరింగ్‌కు వాడే 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఒక నిడివి, దానికి పై మూత, గట్టి పాలిథీన్ ఉన్న ఆర్‌జీ-58 కేబుల్, కనెక్టర్, సీలు చేయడానికి టేపు. కేబుల్ కొస నుంచి 50 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టండి. అవసరమైన దానికన్నా ఎక్కువే తీసుకుంటున్నాం, తరువాత కత్తిరించవచ్చు; అతికించడం మాత్రం కష్టం. గుర్తు దగ్గర బ్లేడుతో నల్ల తొడుగు మీద చుట్టూ పైపైన ఒక గాటు పెట్టి, కేబుల్‌ను అటూ ఇటూ వంచితే తొడుగు గాటు వెంట దానంతట అదే చీలుతుంది. బ్లేడును లోతుగా దించితే జాలి తీగలు కొన్ని తెగుతాయి, అవి తరువాత ఎండకూ గాలికీ ఒక్కొక్కటే విరిగిపోతాయి. తొడుగు తీశాక జాలిని చిన్న కత్తెరతో గుర్తు దగ్గర చుట్టూ కత్తిరించి, ఒక్క పోగు కూడా పాలిథీన్ మీద వేలాడకుండా చూడండి. లోపలి పాలిథీన్‌ను మాత్రం అలాగే ఉంచండి. జాలి అంచుకు టంకం వేయనక్కరలేదు. వేయబోతే పాలిథీన్ కరిగి మధ్య తీగ పక్కకు జరుగుతుంది. అంచు మీద ఒక పొర, వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగితే చాలు, అది కూడా తక్కువ వేడితో.

జాలి తెగిన అంచు నుంచి కిందికి 45 సెంటీమీటర్లు కొలవండి. చుట్ట మొదలయ్యేది అక్కడే. పైపుకు ఆ ఎత్తులో ఒక రంధ్రం, దాని కింద చుట్ట పొడవు విడిచి మరో రంధ్రం వేయాలి. తొమ్మిది చుట్లు ఒత్తుగా వస్తే ఆ ఎడం సుమారు నాలుగున్నర, ఐదు సెంటీమీటర్లు ఉంటుంది. రంధ్రాలను ఏటవాలుగా తొలిస్తే కేబుల్ పదునుగా మడతపడకుండా జారుతుంది. ఏంటెనా భాగం పైపు లోపల నిలువుగా పైకి పోతుంది, చుట్ట పైపు బయట ఉంటుంది, కింది రంధ్రం నుంచి కేబుల్ మళ్లీ లోపలికి వెళ్లి అడుగు నుంచి బయటికి వస్తుంది. పై కొసకు చేపలు పట్టే నైలాన్ దారం కట్టి మూతకు బిగిస్తే లోపల కేబుల్ వంకర తిరగకుండా నిటారుగా నిలుస్తుంది. దారమే కావాలి, ఇనుప తీగ పనికిరాదు.

చుట్ట విషయంలో కేబుల్ రకం ముఖ్యం. నురగ పాలిథీన్ ఉన్న కేబుళ్లను ఇంత చిన్న వ్యాసంలో చుడితే, మే నెల ఎండలో డాబా మీద ఆ నురగ మెత్తబడి మధ్య తీగ మెల్లగా జాలి వైపు జరుగుతుంది. కొన్నాళ్లకు కేబుల్ ఇంపిడెన్స్ మారిపోతుంది, లేదా లోపలే షార్టవుతుంది. గట్టి పాలిథీన్ ఉన్న ఆర్‌జీ-58 కూడా ఈ వంపును ఇష్టంగా భరించదు గానీ తట్టుకుంటుంది.

ఇక కత్తిరింపు. మొత్తం పొడవు 92 సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు పై కొసను 1 సెంటీమీటరు తగ్గిస్తే అనునాద ఫ్రీక్వెన్సీ సుమారు ఒకటిన్నర మెగాహెర్ట్జ్ పెరుగుతుంది. మన దేశంలో 2 మీటర్ల బ్యాండు 144 నుంచి 146 దాకా ఉన్నందున 145ను గురిగా పెట్టుకుని, చివరి దశలో అర సెంటీమీటరుకు మించకుండా కోయండి. ప్రతిసారీ కేబుల్‌ను పైపు లోపల పెట్టి, మూత బిగించి, నిలువుగా నిలబెట్టి కొలవాలి. పీవీసీ గోడ తానే ఫ్రీక్వెన్సీని ఒకటి నుంచి మూడు మెగాహెర్ట్జ్ దాకా కిందికి లాగుతుంది; ఎంత లాగుతుందన్నది గోడ మందాన్ని బట్టి ఉంటుంది. గాలిలో 145కు సరిచేసి తరువాత పైపులో దూర్చితే చేసిన పనంతా వృథా. కొలిచేటప్పుడు పిట్టగోడకూ నీళ్ల ట్యాంకు ఇనుప నిచ్చెనకూ కనీసం రెండు మీటర్ల దూరంలో ఉంచండి.

అర తరంగ డైపోల్ మధ్య ఇంపిడెన్స్ 73 ఓమ్‌ల దగ్గర ఉంటుంది కనుక 50 ఓమ్‌ల కేబుల్‌తో ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 వరకు రావచ్చు. అది లోపం కాదు. 1.1 కోసం రోజంతా కోస్తూ కూర్చోవడం వృథా ప్రయాస, 1.5 దగ్గర తిరిగి వచ్చే శక్తి 4 శాతం మాత్రమే. అంతకన్నా ముఖ్యమైన పరీక్ష ఇంకొకటి ఉంది: చుట్టకు దిగువన కేబుల్‌ను పిడికిట పట్టుకుని, మెల్లగా కిందికి జరుపుతూ మీటరును చూడండి. సూచిక కదలకపోతే చుట్ట తన పని తాను చేస్తోంది. కదిలితే చుట్లను కాస్త విడదీసి లేదా దగ్గరకు నొక్కి మళ్లీ చూడాలి. విడదీస్తే అనునాదం పైకి పోతుంది, నొక్కితే కిందికి వస్తుంది. ఈ పరీక్షను తక్కువ శక్తితో, వీలైతే నానోవీఎన్ఏ వంటి, ఏంటెనాలను కొలిచే చిన్న పరికరంతోనే చేయండి. పూర్తి శక్తితో ప్రసారం చేస్తూ ఏంటెనాను తాకవద్దు.

మీ ఎస్‌డబ్ల్యూఆర్ 3 దగ్గర ఆగిపోయిన సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. ఆర్‌జీ-58 కేబుల్ 145 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు సుమారు 0.2 డెసిబెల్ (3 డెసిబెల్ అంటే శక్తి సగం కావడం) మింగేస్తుంది. 20 మీటర్ల కేబుల్ వాడితే పోయేటప్పుడు 4, తిరిగి వచ్చేటప్పుడు 4, మొత్తం 8 డెసిబెల్ నష్టం. కేబుల్ అవతలి కొసకు ఏమీ తగిలించకుండా గాలికి వదిలేసినా రేడియో దగ్గరి మీటరు 2.3 మాత్రమే చూపిస్తుంది. నిజంగా ఏంటెనా లేకపోయినా ‘ఫర్వాలేదు’ అనిపించే అంకె అది! కేబుల్ ఎంత చెడ్డదైతే ఎస్‌డబ్ల్యూఆర్ అంత బాగా కనిపిస్తుంది. కాబట్టి రేడియో దగ్గర కొలిచి ఏంటెనా గుణాన్ని తేల్చవద్దు. చుట్ట కింద ఒకటి రెండు మీటర్ల దూరంలో కనెక్టర్ పెట్టి అక్కడే కొలవండి. ఆ కనెక్టరుకే తరువాత లావు కేబుల్ తగిలించుకోవచ్చు. అదే 20 మీటర్లకు ఆర్‌జీ-213 వాడితే నష్టం రెండు డెసిబెల్‌కు లోపే ఉంటుంది. 5 వాట్ల చేతి రేడియోతో ఆర్‌జీ-58 గుండా ఏంటెనాకు చేరేది 2 వాట్లయితే, ఆర్‌జీ-213 గుండా మూడుకు పైగా చేరుతుంది. వచ్చే సిగ్నల్‌కు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

కేబుల్ కొనేటప్పుడు తొడుగు మీది అక్షరాలను మాత్రం నమ్మకండి. ఆర్‌జీ-58 అని అచ్చువేసి, లోపల పది పదిహేను పలుచటి పోగులతో జాలి అల్లిన కేబుళ్లు అంగళ్లలో దండిగా దొరుకుతాయి. ఒక అంగుళం తొడుగు తీయించి చూడండి: జాలి సందుల్లోంచి తెల్లటి పాలిథీన్ విరివిగా కనబడితే వదిలేయండి. మన పనిలో జాలి బయటి ముఖమే ఏంటెనా కనుక దాని నాణ్యతకు రెట్టింపు ప్రాధాన్యం ఉంది.

డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 కేబుల్ ఇంట్లో మిగిలి ఉందని, దానిని వాడవచ్చునా అని కూడా అడిగారు. అది 75 ఓమ్‌ల కేబుల్ అయినంత మాత్రాన భయపడనక్కరలేదు. డైపోల్ 73 ఓమ్‌లు కనుక ఏంటెనా వైపు చక్కగా కలుస్తుంది, రేడియో వైపు 1.5 ఎస్‌డబ్ల్యూఆర్ కనిపిస్తుంది, రేడియో దానిని భరిస్తుంది. నష్టం కూడా ఆర్‌జీ-58 కన్నా తక్కువ. చిక్కు మరోచోట ఉంది. దాని జాలి, రేకు అల్యూమినియంవి కనుక టంకం అంటదు, లోపలిది నురగ కనుక చిన్న చుట్ట చుట్టరాదు. అందుచేత ఆర్‌జీ-6ను కింది నుంచి పైకి శక్తిని మోసే కేబుల్‌గా, సరైన ఎఫ్ కనెక్టర్లు నొక్కించి, నిశ్చింతగా వాడుకోండి. ఏంటెనాను మాత్రం ఆర్‌జీ-58తోనే చేయండి.

వెలాసిటీ ఫ్యాక్టర్ పనికిమాలిన అంకె అని నేను అంటున్నట్లు అనిపించకుండా, అది లేకపోతే అడుగు ముందుకు పడని ఏంటెనా గురించి కూడా చెప్పాలి. అది కోయాక్సియల్ కొలినియర్. కేబుల్‌ను అర తరంగం ముక్కలుగా కోసి, ఒక ముక్క మధ్య తీగను పై ముక్క జాలికీ, కింది జాలిని పై ముక్క మధ్య తీగకూ కలుపుతూ, అడ్డదిడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. ఇక్కడ ముక్క పొడవును నిర్ణయించేది లోపలి తరంగం. లోపల అర తరంగం ప్రయాణంలో తరంగం తలకిందులవుతుంది, తీగల మార్పిడితో మళ్లీ ఒకసారి తలకిందులవుతుంది, కాబట్టి ప్రతి కీలు దగ్గరా జాలి బయటి ముఖానికి ఒకే దశలో వోల్టేజీ అందుతుంది. బయటి ముఖాలన్నీ ఒకే తాళంలో ప్రసరిస్తాయి కనుక శక్తి ఆకాశంలోకీ నేలలోకీ చెదరకుండా దిగంతం వైపు కూడుకుంటుంది. 145కు ముక్క పొడవు 150ని 145తో భాగించి 0.66తో గుణించగా 68.3 సెంటీమీటర్లు. పెరూలో లీమా నగరం దగ్గర ఉన్న హికమార్కా రాడార్‌లో 18,432 అర తరంగ డైపోల్‌లను ఈ కోయాక్సియల్ కొలినియర్ పద్ధతిలోనే అమర్చారు. మనం డాబా మీద చేసేది ఆ వంశంలోని బుల్లి శాఖ.

ఇందులో 0.66ను పుస్తకంలో చూసి వాడితే చాలదు, మీ చేతిలోని కేబుల్‌ను కొలవాలి. కేబుల్‌ను సరిగ్గా 1 మీటరు కోసి, ఒక కొసను తెరిచి ఉంచి, రెండో కొసను నానోవీఎన్ఏకు తగిలించండి. కింది నుంచి పైకి ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే, కేబుల్ మొదటిసారిగా షార్టయినట్లు కనిపించే చోటు అది పావు తరంగం పొడవున్న ఫ్రీక్వెన్సీ. దానిని 75తో భాగిస్తే వెలాసిటీ ఫ్యాక్టర్ వస్తుంది. 49.5 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తే 0.66, నురగ కేబుల్ అయితే 61, 62 దగ్గర కనిపించి 0.82 చుట్టూ తేలుతుంది. కనెక్టర్ పొడవును కూడా ఆ మీటరులో కలుపుకోవాలి. ఎనిమిది ముక్కలు పేర్చినప్పుడు ఒక్కోదానిలో అర సెంటీమీటరు పొరపాటు మొత్తం నాలుగు సెంటీమీటర్లవుతుంది, చివరి ముక్కలు తాళం తప్పుతాయి.

కీళ్ల దగ్గర జాలుల మధ్య ఎడం 4, 5 మిల్లీమీటర్లకు మించకుండా, అన్ని కీళ్లూ ఒకే కొలతతో ఉండాలి. పైన చివరి ముక్క మధ్య తీగకు 49 సెంటీమీటర్ల రాగి తీగ, అడుగున పావు తరంగం స్థలం విడిచి ఇందాకటి లాంటి చోక్. టంకం వేసేటప్పుడు పాలిథీన్ కరగకుండా, మంచి వేడి ఉన్న ఐరన్‌తో త్వరగా ముగించాలి. చల్లటి ఐరన్‌ను ఎక్కువసేపు ఆనిస్తే జాలి వేడెక్కేలోపు పాలిథీన్ కారిపోతుంది. ప్రతి కీలునూ వేయగానే మల్టీమీటరుతో షార్టు లేదని చూసుకుని తరువాతిదానికి వెళ్లండి. అన్నీ పైపులోకి ఎక్కించాక ఐదో కీలులో షార్టు బయటపడితే దానిని వెతకడం నరకం.

అయితే నా అభిప్రాయం అడిగితే, మొదటి ఏంటెనాగా కొలినియర్ వద్దు. బయటి వైపు చూస్తే ఒక్కో ముక్క గాలిలో అర తరంగం కాదు, మూడో వంతు తరంగమే. అందువల్ల నాలుగు ముక్కల కొలినియర్ సుమారు 3.2 మీటర్ల పొడవున్నా, మామూలు డైపోల్ మీద దాని లాభం మూడు డెసిబెల్ చుట్టుపక్కలే, నాలుగు దాటడం కష్టం. ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వాడితే ఆ మూడూ కేబుల్‌లోనే పోతాయి. దానికన్నా ఏంటెనాను పైకి లేపడం మేలు. 2 మీటర్ల బ్యాండులో రేడియో దిగంతం కిలోమీటర్లలో సుమారుగా ఎత్తు వర్గమూలానికి 4.1 రెట్లు: 9 మీటర్ల ఎత్తున 12 కిలోమీటర్లు, 16 మీటర్ల ఎత్తున 16, 25 మీటర్ల ఎత్తున 20 పైచిలుకు. అవతలి వారి ఎత్తు లెక్క దీనికి కలుస్తుంది. రెండంతస్తుల ఇంటి మీద కొలినియర్ కన్నా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మీద ఫ్లవర్‌పాట్ చాలా సందర్భాల్లో ముందుంటుంది.

40 మీటర్ల బ్యాండుకు కోయాక్సియల్ కేబుల్‌తో ‘డబుల్ బజూకా’ చేస్తే బ్యాండంతా వెడల్పుగా పనిచేస్తుందంటారు, నిజమా అని కూడా అడిగారు. పనిచేస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు మధ్యలో 13.95 మీటర్ల ఆర్‌జీ-58, రెండు చివరలా తీగ కలిపి మొత్తం 19.7 మీటర్ల పొడవు. కానీ మన 40 మీటర్ల బ్యాండు 7.0 నుంచి 7.2 దాకా, 200 కిలోహెర్ట్జ్ మాత్రమే. దానికి మామూలు రాగి తీగ డైపోల్ సరిపోతుంది. బజూకాలో వచ్చే అదనపు వెడల్పు కొంత జాలి లావు వల్ల, కొంత కేబుల్ నష్టం వల్ల వచ్చేదే. అంత బరువైన కేబుల్‌ను రెండు కొబ్బరిచెట్ల మధ్య వేలాడదీసి, అది మధ్యలో కుంగిపోతుంటే చూస్తూ ఉండడంలో నాకు ప్రయోజనం కనిపించలేదు.

వానల ముందు సీలింగ్ సంగతి చూడండి. జాలి నీటిని ఒత్తిలా పీల్చుకుంటుంది, కోసిన అంచు ఒక్క వానకు తడిస్తే నల్లబడి మీటర్ల కొద్దీ లోపలికి పాకుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి తోడై ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. జాలి అంచునూ, పై కొసనూ తనకు తానే అతుక్కునే రబ్బరు టేపుతో చుట్టి, దానిపై నల్ల పీవీసీ టేపు వేయండి. సిలికాన్ వాడదలిస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అందులోంచి వెలువడే ఆమ్లం రాగిని తింటుంది. వాసన లేని న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. పై మూతను పూర్తిగా మూసి, అడుగున మాత్రం చిన్న రంధ్రం వదలాలి, లేకపోతే లోపల పట్టే చెమ్మకు బయటపడే దారి ఉండదు. అడుగున కేబుల్‌ను నేరుగా గోడలోకి పోనివ్వకుండా ఒక వంపు కిందికి వేలాడదీస్తే నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది.

పైపు నిలబెట్టే ముందు తలెత్తి చుట్టూ చూడండి. మన వీధుల్లో 11 కేవీ తీగలు డాబాలకు చెయ్యి చాచినంత దూరంలో పోతుంటాయి. ఏంటెనా ఎటు పడినా తీగలను తాకలేని చోటే పెట్టాలి, అంటే మొత్తం గడ పొడవుకు రెట్టింపు దూరం కావాలి. ఉరుములు మొదలయ్యాక కేబుల్ విప్పడానికి వెళ్లకండి, మబ్బు పట్టినప్పుడే విప్పేయండి. విప్పిన కొసను రేడియో పక్కన బల్ల మీద వదలకుండా కిటికీ అవతల ఉంచండి. లైసెన్స్ ఇంకా చేతికి రాలేదని రాశారు. ఏంటెనా కట్టడానికీ, నానోవీఎన్ఏతో కొలవడానికీ, వినడానికీ ఈ సమయాన్ని వాడుకోండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీదుగా పోయేటప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ దగ్గర అప్పుడప్పుడు వినిపించే ప్రసారాలు ఈ ఏంటెనాకు మంచి పరీక్ష. ప్రసారం బటన్‌ను మాత్రం కాల్‌సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) వచ్చాకే నొక్కండి.

చివరి ప్రశ్న 70 సెంటీమీటర్ల బ్యాండు గురించి. 145కు మూడు రెట్లు 435, అది మన దేశంలో అనుమతించిన 434 నుంచి 438 లోపలే ఉంది కనుక ఇదే ఏంటెనా అక్కడ కూడా కొంత అనునాదం చూపిస్తుంది, ఎస్‌డబ్ల్యూఆర్ ఆశపెట్టేలా కూడా ఉండవచ్చు. కానీ ఒక్కో సగం అక్కడ ముప్పావు తరంగం అవుతుంది కాబట్టి శక్తిలో అధిక భాగం దిగంతం వైపు కాక ఏటవాలుగా పైకీ కిందికీ పోతుంది, 145కు సరిచేసిన చుట్ట కూడా 435 దగ్గర అడ్డుగా నిలవదు. రెండో బ్యాండు కావాలంటే రెండో పైపు కట్టుకోవడమే సులువు. 436కు పై సగం 15 సెంటీమీటర్లు దాటి, కింది సగం 15కు కాస్త లోపు వస్తాయి, చుట్లు నాలుగైదు చాలు. పై కొసను 17 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టి ఒక్కో మిల్లీమీటరు చొప్పున కోస్తూ రండి, ఎందుకంటే ఇక్కడ ఒక్క మిల్లీమీటరుకే ఫ్రీక్వెన్సీ సుమారు ఒకటిన్నర మెగాహెర్ట్జ్ కదులుతుంది.